సాక్షిని అడగనివ్వకుండా శిక్ష వేయొచ్చా?

హర్యానాలో ఒక బస్సును ఫ్లయింగ్ స్క్వాడ్ దారిలో ఆపి చెక్ చేసింది. 11 మంది దగ్గర టికెట్లు లేవు. డబ్బులు కండక్టరుకు ఇచ్చేశామని, ఆయనే టికెట్ ఇవ్వలేదని వాళ్ళు చెప్పారట. ఆ మాటే రాసి సంతకం పెట్టమని ఇన్‌స్పెక్టరు అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు. శాఖ ఎంక్వైరీ పెట్టింది, కండక్టరు ఉద్యోగం పోయింది, ఆ ఎంక్వైరీలో 11 మంది ప్రయాణికుల్లో ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు. కింది కోర్టులు కండక్టరు వైపే చెప్పాయి. డబ్బులిచ్చామన్న మనుషులే రాకపోతే, వాళ్ళను ఇతను ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోతే, తప్పు రుజువైందని ఎలా అంటారన్నది వాటి ఆలోచన. 1977లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టేసింది. రత్తన్ సింగ్ కేసు అంటారు దీన్ని. శాఖాపరమైన విచారణకు సాక్ష్య చట్టంలోని కఠిన నియమాలు వర్తించవు, ఇంకొకరి నోట విన్న మాటైనా నమ్మదగ్గదైతే తీసుకోవచ్చు, ఎంతోకొంత ఆధారం ఉందా లేదా అన్నదే చూడాలి, ఇక్కడ స్క్వాడ్ ఇన్‌స్పెక్టరు సాక్ష్యం ఉంది కాబట్టి అది చాలు అని చెప్పింది.

దీని పక్కన 2015 నాటి ఆండమాన్ టింబర్ కేసు పెట్టి చూడండి. ఒక కంపెనీ ఎక్సైజ్ సుంకం తక్కువ కట్టిందని అధికారులు ఇద్దరి స్టేట్‌మెంట్ల మీద ఆధారపడి ఆర్డరు వేశారు. ఆ ఇద్దరినీ క్రాస్ చేయనివ్వండని, అంటే ఎదురు ప్రశ్నలు అడగనివ్వండని, కంపెనీ అడిగింది. ఇవ్వలేదు. పై ట్రిబ్యునల్ ఏమందంటే, క్రాస్ చేసినా కొత్తగా బయటపడేది ఏమీ ఉండదు కదా అని. సుప్రీంకోర్టుకు ఆ మాట అస్సలు నచ్చలేదు. సాక్షిని ఏం అడగాలనుకున్నారో, దాని వల్ల ఏం తేలుతుందో ట్రిబ్యునల్ ముందే ఊహించుకోవడానికి వీల్లేదంది. ఎవరి స్టేట్‌మెంట్ల మీద ఆర్డరు నిలబడిందో వాళ్ళను ప్రశ్నించనివ్వకపోవడం సహజ న్యాయ సూత్రాలకు (ఎవరికైనా తమ మాట చెప్పుకునే వీలివ్వాలన్న మూల సూత్రాలకు) విరుద్ధం, అది ఆర్డరునే చెల్లకుండా చేసేంత పెద్ద లోపం అని తేల్చింది.

రెండూ సుప్రీంకోర్టు తీర్పులే, రెండూ ఇప్పటికీ అమల్లో ఉన్నాయి, రెండింటినీ లాయర్లు రోజూ వాడుతున్నారు. మరి ఛార్జి మెమో (ఆరోపణల పత్రం) చేతికి అందిన ఒక టీచరో, గుమాస్తానో, బ్యాంకు ఉద్యోగో, కండక్టరో 'నాకు సాక్షిని అడిగే హక్కు ఉందా లేదా' అని అడిగితే ఏం చెప్పాలి? 'ఎంక్వైరీలో క్రాస్ తప్పనిసరి' అనేవాళ్ళు కనిపిస్తారు, 'అది కోర్టుల్లోనే, డిపార్ట్‌మెంటులో అవన్నీ ఉండవు' అని కొట్టిపారేసే ఆఫీసర్లూ కనిపిస్తారు. ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. తీర్పులన్నీ వరసగా చదివితే నాకు కనిపించే దారం ఒక్కటే: నిర్ణయం ఎవరి నోటిమాట మీద నిలబడిందో చూడాలి, ఆ మాటను మీరు కాదంటున్నారా లేదా చూడాలి. ఆ మాటే ఆధారమై, మీరు దాన్ని కాదంటుంటే, ఆ మనిషిని ప్రశ్నించే వీలు ఏదో ఒక రూపంలో ఇచ్చి తీరాలి. రూపం మారొచ్చు, ఆ వీలు మాత్రం పోకూడదు.

ముందు కోర్టులో ఏం జరుగుతుందో చూద్దాం, అసలు నమూనా అక్కడే ఉంది. సాక్షిని పిలిచినవాళ్ళు మొదట అడిగేది చీఫ్, తర్వాత అవతలి పక్షం అడిగేది క్రాస్, క్రాస్‌లో వచ్చిన విషయాలకు వివరణ కావాలంటే మళ్ళీ పిలిచినవాళ్ళే అడిగేది రీ-ఎగ్జామినేషన్. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ వరస, 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అలాగే ఉంది, సెక్షన్ల నంబర్లు మారాయంతే. సివిల్ కేసుల్లో 2002 సవరణ నుంచి చీఫ్ అంతా అఫిడవిట్ రూపంలోనే ఇస్తున్నారు. ఆ అఫిడవిట్ రాసేది దాదాపు ఎప్పుడూ లాయరే, భాష లాయరుదే, తేదీలు పొల్లుపోకుండా ఉంటాయి. అంటే సాక్షి సొంత గొంతు మొదటిసారి వినబడేది క్రాస్‌లోనే! చీఫ్ అఫిడవిట్‌లో 'సదరు షెడ్యూలు ఆస్తిని నిరాటంకంగా అనుభవిస్తున్నాను' అని రాసి ఉన్న పెద్దాయన, పొలానికి తూర్పున ఎవరిది ఉందయ్యా అంటే తడబడతాడు. ఆ తడబాటు అబద్ధం వల్లా కావచ్చు, వయసు వల్లా కావచ్చు, ఏదన్నది చూసి తూచుకునే అవకాశం జడ్జికి ఆ ఒక్క ఘట్టంలోనే దొరుకుతుంది. అందుకే క్రాస్ లేని సాక్ష్యాన్ని సాక్ష్యం అనడానికే కోర్టులు వెనకాడతాయి.

క్రాస్ అంటే గొంతు పెంచి సాక్షిని బెదరగొట్టడం అని చాలామందికి ఒక ఊహ. బాగా చేసిన క్రాస్ చూస్తే ఆ ఊహ పోతుంది. బస్సు కేసే తీసుకోండి, కండక్టరు తరఫున స్క్వాడ్ ఇన్‌స్పెక్టరును ఏం అడగొచ్చు? బస్సు ఆపినప్పుడు లోపల మొత్తం ఎంతమంది ఉన్నారు? టికెట్ లేనివాళ్ళు ఏ స్టాపులో ఎక్కామన్నారు, ఆ స్టాపు దాటి ఎంతసేపైంది? కండక్టరు అప్పటికి బస్సులో ఏ చివర ఉన్నాడు, టికెట్లు కొడుతూ ఉన్నాడా కూర్చుని ఉన్నాడా? బ్యాగులో డబ్బు లెక్కపెట్టారా, పెడితే టికెట్ల అమ్మకం కంటే ఎక్కువ తేలిందా? ఈ చివరి ప్రశ్న ఒక్కటి చాలు. డబ్బులు తీసుకుని టికెట్ ఇవ్వకపోతే ఆ డబ్బు బ్యాగులో ఎక్కువగా ఉండాలి. లెక్కే పెట్టలేదని ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటే, ఎవరూ అరవకుండానే, ఆరోపణ సగం బలం కోల్పోతుంది.

ఇంకో పని కూడా క్రాస్ చేస్తుంది, దీన్ని సొంతంగా వాదించుకునేవాళ్ళు తరచూ మర్చిపోతారు. మీ కథ ఏమిటో సాక్షి ముందు పెట్టడం. తెలుగు కోర్టుల్లో సాక్ష్యం కాగితాలు చదివినవాళ్ళకు 'నేను పగతో అబద్ధం చెబుతున్నాననుట నిజము కాదు' లాంటి వాక్యాలు పేజీలకు పేజీలు కనిపిస్తాయి. చదవడానికి విసుగే. అయితే అవి ఊరికే రాసినవి కావు. అవతలి లాయరు తన వాదనను ఒక్కొక్కటిగా సాక్షి ముందు పెట్టాడు, సాక్షి కాదన్నాడు, అని దానర్థం. ఇంగ్లండులో 1893 నాటి బ్రౌన్ వర్సెస్ డన్ కేసు నుంచి వస్తున్న సూత్రం ఇది. ఒక సాక్షి చెప్పింది తప్పని మీరు తర్వాత వాదించబోతుంటే, ఆ సంగతి అతను ఎదురుగా ఉన్నప్పుడే అడిగి జవాబు చెప్పుకునే వీలివ్వాలి. మన దగ్గర నుంచి వెళ్ళిన ఒక భూమి తగాదాలో 2016లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. క్రాస్‌లో మీ వాదన పెట్టకపోతే సాక్షి చెప్పినదాన్ని మీరు కాదనలేదనే అనుకుంటాం, ఇది లాంఛనం కాదు, విషయానికి సంబంధించిన సంగతి అని. గమనించండి, ఇది సాక్షికి కూడా న్యాయమే. వీపు వెనక అబద్ధాలకోరు అనడం కంటే, ముఖం మీదే అడిగి అతని వివరణ వినడం మర్యాద.

ఇక ఎంక్వైరీల దగ్గరికి వద్దాం. అసలు ఎక్కువమంది జీవితాలు తారుమారయ్యేది అక్కడే.

ప్రభుత్వ ఉద్యోగిని తీసేయాలన్నా, హోదా తగ్గించాలన్నా రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం ఆరోపణలేమిటో చెప్పి, తన వాదన వినిపించుకోవడానికి తగిన అవకాశం ఇవ్వాలి. ఆ 'తగిన అవకాశం'లో సాక్షుల్ని క్రాస్ చేయడం కూడా ఉందని 1957 డిసెంబరులో ఖేమ్‌చంద్ కేసులో రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. అదే ఏడాది కొన్ని నెలల ముందు టి.ఆర్. వర్మ కేసులో ఇంకాస్త విడమరిచింది. సాక్ష్య చట్టం ఎంక్వైరీలకు వర్తించకపోయినా, అవతలివాళ్ళ సాక్ష్యం మీ ఎదుటే తీసుకోవాలి, ఆ సాక్షుల్ని అడిగే వీలు మీకుండాలి, మీ సాక్ష్యం మీరు పెట్టుకోగలగాలి, మీకు చూపించని కాగితాల మీద ఆధారపడకూడదు. మన రెండు రాష్ట్రాల ఉద్యోగులకు 1991 సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) రూల్స్‌లో 20వ రూలు, కేంద్ర ఉద్యోగులకు 1965 రూల్స్‌లో 14వ రూలు, పెద్ద శిక్షల విషయంలో ఇదే పద్ధతిని రాతలో పెట్టాయి.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది ఎంక్వైరీ గదిలోకి వచ్చేసరికి ఎందుకు కరిగిపోతుంది? నాకు కనిపించే పెద్ద కారణం, క్రాస్ చేయనిచ్చామని రాసుకుంటారు గానీ క్రాస్ చేయడానికి కావాల్సిన సరంజామా ఇవ్వరు. సాక్షి ప్రాథమిక విచారణలో ఏం చెప్పాడో తెలియకుండా ఇవాళ అతను మాట మార్చాడని ఎలా పట్టుకుంటారు? పంజాబ్‌లోని ఒక ఉద్యోగి కేసులో 1974లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. సాక్షుల స్టేట్‌మెంట్ల సారాంశం ఇస్తే చాలదు, కాపీలే ఇవ్వాలి, అవి లేకుండా క్రాస్ ఉత్తుత్తిదే అవుతుంది. 1986లో కాశీనాథ్ దీక్షిత కేసు ఇంకా ఘోరం. ఒక పోలీసు సూపరింటెండెంటు మీద 38 మంది సాక్షులను, 112 డాక్యుమెంట్లను వాడారు, కాపీలు మాత్రం ఇవ్వనన్నారు, కావాలంటే వచ్చి చూసుకోమన్నారు. అన్ని వందల పేజీలు కంటితో చూసి గుర్తుపెట్టుకుని 38 మందిని ఎవరైనా ప్రశ్నించగలరా? డిస్మిసల్ ఆర్డరు నిలబడలేదు.

ఇంకోటి, సాక్షే లేకుండా కాగితం పెట్టేసి పని కానిచ్చేయడం. రూప్ సింగ్ నేగీ కేసులో బ్యాంకు ఒక ప్యూనును డ్రాఫ్టు పుస్తకం పోయిన వ్యవహారంలో తీసేసింది. ఆధారం ఏమిటంటే పోలీసుల దగ్గర ఇచ్చాడంటున్న ఒప్పుకోలు, ఎఫ్ఐఆర్, కొన్ని కాగితాలు. ఆ కాగితాల్లో ఉన్నది నిజమని చెప్పిన సాక్షి ఒక్కడూ లేడు. 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, కాగితాన్ని ఫైలులో పెట్టినంత మాత్రాన అందులో ఉన్నది రుజువైనట్టు కాదు, పోలీసు దర్యాప్తులో పోగైన కాగితాలు వాటంతటవే సాక్ష్యం కావు. ఆలోచించండి, కాగితాన్ని క్రాస్ చేయలేరు. దాన్ని రాసినవాడు రావాలి.

ఉద్యోగి రాకపోయినా ఇదే లెక్క. 'నోటీసు ఇచ్చాం, రాలేదు, కాబట్టి ఆరోపణలు రుజువైనట్టే' అని రెండు లైన్లలో ముగించే రిపోర్టులు ఇప్పటికీ వస్తున్నాయి. హైదరాబాద్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ బెంచి నుంచి వెళ్ళిన ఒక ఆదాయపు పన్ను అధికారి కేసులో 1998లో సుప్రీంకోర్టు ట్రిబ్యునల్ మాటనే సమర్థించింది. ఎక్స్‌పార్టీ (ఉద్యోగి రాకుండానే జరిగే విచారణ) అయినా సరే, ఆరోపణను రుజువు చేసే బరువు శాఖ మీదే ఉంటుంది.

విచారణ చేసే కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది కూడా ఇందులో భాగమే. 1950ల్లో ఉత్తరప్రదేశ్‌లో మహమ్మద్ నూహ్ అనే హెడ్ కానిస్టేబులు కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఎంక్వైరీలో ఒక సాక్షి అధికారులు అనుకున్నట్టు చెప్పకుండా ఎదురు తిరిగాడు. దాంతో విచారణ చేస్తున్న పోలీసు అధికారే లేచి, తానే సాక్షిగా సాక్ష్యం ఇచ్చి, మళ్ళీ వెళ్ళి అదే కుర్చీలో కూర్చుని, తన సాక్ష్యాన్ని తానే నమ్మి డిస్మిస్ చేశాడు. 1957లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. అంత బరితెగింపు ఇప్పుడు ఉండకపోవచ్చు, కానీ శాఖ తరఫున కేసు నడిపే ప్రెజెంటింగ్ ఆఫీసరును వేయకుండా ఎంక్వైరీ ఆఫీసరే సాక్షిని చీఫ్ చేసి, ఉద్యోగినీ నిలదీసి, చివరికి రిపోర్టు కూడా తానే రాయడం చాలాచోట్ల జరుగుతోంది. 2018లో సీఆర్‌పీఎఫ్ జవాన్ల కేసుల్లో సుప్రీంకోర్టు దీని మీదే మాట్లాడింది. ప్రెజెంటింగ్ ఆఫీసరు లేనంత మాత్రాన ఎంక్వైరీ చెడిపోదు, ఎంక్వైరీ ఆఫీసరే ప్రాసిక్యూటరు పని చేస్తే చెడిపోతుంది. సందేహం తీర్చుకోవడానికి సాక్షిని ఒకటి రెండు అడగడం వేరు, నేరం రుజువు చేయడానికి అడగడం వేరు. ప్రొసీడింగ్స్ చదివితే ఆ తేడా తెలిసిపోతుంది.

లాయరు సంగతి అడుగుతారు అందరూ. ఎంక్వైరీలో లాయరును పెట్టుకునే హక్కు మామూలుగా లేదు, తోటి ఉద్యోగినో రిటైరైన ఉద్యోగినో డిఫెన్స్ అసిస్టెంటుగా పెట్టుకోవచ్చు. అయితే యాజమాన్యం తరఫున లా చదివిన మనిషి కూర్చుని, ఇటువైపు ఏమీ తెలియని ఉద్యోగి ఒంటరిగా కూర్చుంటే అది సమానం కాదని 1982లో బొంబాయి పోర్టు కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుని, లాయరును అనుమతించాలంది. అవతల ప్రెజెంటింగ్ ఆఫీసరు లీగల్ సెల్ నుంచి వచ్చాడని తెలిస్తే ఆ మొదటి రోజే రాతపూర్వకంగా అడగాలి.

క్రాస్ అక్కర్లేదని కోర్టులు చెప్పిన సందర్భాల్లో తేలికైనది ముందు చూద్దాం. మీరు సంగతుల్ని ఒప్పుకున్నాక అడగడానికి ఏమీ ఉండదు. స్టేట్ బ్యాంకు ఉద్యోగి కె.ఎల్. త్రిపాఠి కేసులో 1983లో అదే జరిగింది. ఏం జరిగిందన్నదాని మీద తగాదా లేదు, వివరణ మీదే తగాదా. సాక్షి మాట నిజమా కాదా అన్న ప్రశ్నే లేనప్పుడు క్రాస్ ఇవ్వలేదని ఫిర్యాదు చేయడం కుదరదు. ఇందులో నాకు ఏ ఇబ్బందీ లేదు. విచారణ కమిషన్ల సంగతీ అంతే. బక్షీ గులాం మహమ్మద్ కేసులో 1966లో సుప్రీంకోర్టు, అఫిడవిట్ ఇచ్చిన ప్రతి ఒక్కరినీ క్రాస్ చేసే హక్కు కమిషన్ ముందు ఉండదంది. కమిషన్ శిక్ష వేయదు, నిజాలు తేల్చి నివేదిక ఇస్తుంది కాబట్టి అది కొంత అర్థమవుతుంది.

కష్టమైనది హీరానాథ్ మిశ్రా కేసు. 1972లో రాంచీలోని మెడికల్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లోకి రాత్రిపూట కొందరు అబ్బాయిలు దూరి అసభ్యంగా ప్రవర్తించారు. అమ్మాయిలు ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేశారు. ముగ్గురు స్టాఫ్ సభ్యుల కమిటీ అమ్మాయిల స్టేట్‌మెంట్లు అబ్బాయిలు లేనప్పుడు తీసుకుంది, ఫొటోలు కలిపి పెట్టి గుర్తుపట్టమంది, తర్వాత అబ్బాయిల్ని పిలిచి ఆరోపణ చెప్పి జవాబు అడిగింది. రెండేళ్ళు కాలేజీ నుంచి పంపేశారు. మమ్మల్ని క్రాస్ చేయనివ్వలేదని వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్తే, 1973లో కోర్టు వినలేదు. ఆ అమ్మాయిలను ఎదురుగా నిలబెడితే తర్వాత వాళ్ళకు రక్షణ ఎవరిస్తారు, ఇలాంటి చోట సహజ న్యాయం ఒకే మూసలో ఉండదు అంది.

ఆ రోజు ఆ అమ్మాయిల విషయంలో కోర్టు పట్టించుకున్న భయం నిజమైనది, దాన్ని నేను కొట్టిపారేయను. హాస్టల్లో ఉండే 18 ఏళ్ళ అమ్మాయి, తను ఎవరి పేరు చెప్పిందో అతని ఎదుట కూర్చుని అతని ప్రశ్నలకే జవాబు చెప్పాలంటే అసలు ఫిర్యాదే చేయదు. కానీ ఆ తీర్పును తర్వాత ఎక్కడపడితే అక్కడ వాడుతున్నారు, కాపీ కొట్టాడన్న కేసులోనూ, మెస్ బిల్లుల గొడవలోనూ, భయం ఊసే లేనిచోట కూడా. ఇంకా పెద్ద చిక్కు, ఎదురుపడకుండా చేయడానికీ అసలు ప్రశ్నించకుండా చేయడానికీ తేడా ఉందన్న సంగతి జనం మర్చిపోయారు. ఆ రెండింటినీ విడదీయొచ్చని తర్వాతి చట్టమే చూపించింది. 2004లో సాక్షి అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, లైంగిక నేరాల విచారణలో బాధితురాలికి నిందితుడు కనబడకుండా తెర పెట్టమంది, క్రాస్ ప్రశ్నలు రాసి జడ్జికిస్తే జడ్జే తేలిక మాటల్లో అడగాలంది. 2012 నాటి పోక్సో చట్టం పిల్లల విషయంలో దీన్నే రూలు చేసింది, లాయరు పిల్లను నేరుగా అడగడు, ప్రశ్నలు ప్రత్యేక కోర్టుకు ఇస్తాడు, కోర్టు అడుగుతుంది. క్రాస్ మాత్రం ఆగలేదు. అడిగే గొంతు మారింది, గది మారింది.

పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల కమిటీలకు ఇదే దారి. 2013 చట్టం కింద ఆ కమిటీల ముందుకు లాయర్లు రాకూడదు. అయినా ప్రశ్నల పట్టిక రాయించుకుని కమిటీ ఛైర్‌పర్సన్ చేత అడిగించి జవాబులు రాసుకోవడంలో ఏ అడ్డూ లేదు, చాలా హైకోర్టులు ఒప్పుకున్న పద్ధతే. అది కూడా చేయకపోతే ఏమవుతుందో గోవా యూనివర్సిటీ కేసు చెబుతుంది. ఒక డిపార్ట్‌మెంట్ హెడ్ మీద విద్యార్థినుల ఫిర్యాదులు, 2009లో కమిటీ విచారణ. మొదట్లో మామూలుగా నడిచింది, చివర్లో సిట్టింగు వెంట సిట్టింగు పెట్టి, ఆరోగ్యం బాగాలేదని ఆయన వాయిదా అడిగితే ఇవ్వకుండా ఎక్స్‌పార్టీ చేసి ముగించేశారు. ఉద్యోగం తీసేశారు. 2023 మేలో సుప్రీంకోర్టు, తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ రాసిన తీర్పులో, ఆ హడావుడి వల్ల న్యాయమైన అవకాశం దక్కలేదని చెప్పి, హడావుడి మొదలైన చోటి నుంచి మళ్ళీ విచారించమంది. 14 ఏళ్ళ తర్వాత! ఆ విద్యార్థినులు అప్పటికి ఎక్కడెక్కడ స్థిరపడి ఉంటారో, మళ్ళీ కమిటీ ముందుకు రమ్మంటే వాళ్ళ మనసుకు ఎలా ఉంటుందో ఊహించండి. పద్ధతి పాటించడం అంటే నిందితుడికి మేలు చేయడం అనుకునేవాళ్ళు ఈ కేసు మళ్ళీ మళ్ళీ చదవాలి. కొన్ని వారాలు ఓపిక పడితే నిలబడి ఉండే నిర్ణయం, తొందర వల్ల ఫిర్యాదు చేసినవాళ్ళకే శిక్ష అయింది.

సాక్షికి జరిగే అన్యాయం క్రిమినల్ కోర్టుల్లో ఇంకో రూపంలో ఉంటుంది. చీఫ్ అయిన రోజే క్రాస్ కాకుండా వాయిదా, మళ్ళీ వాయిదా. పంజాబ్‌కు చెందిన ఒక లంచం కేసులో ముఖ్యమైన సాక్షి చీఫ్‌కూ క్రాస్‌కూ మధ్య 20 నెలలు గడిచాయి, ఈలోపు అతను అవతలి పక్షం వైపు తిరిగిపోయాడు. 2015లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కాపీని దేశంలోని హైకోర్టులన్నిటికీ పంపమంది. కూలి పని మానుకుని, చాలీచాలని బత్తా కోసం మెట్ల మీద కూర్చుని, సాయంత్రానికి 'ఇవాళ కాదు పో' అనిపించుకునే మనిషి నిజం చెప్పడానికి ఎన్నిసార్లు వస్తాడు?

మళ్ళీ రత్తన్ సింగ్ దగ్గరికి. నేను పైన చెప్పిన దారంతో చూస్తే ఆ తీర్పుకూ ఆండమాన్ టింబర్‌కూ పొత్తు కొంత కుదురుతుంది. బస్సు కేసులో టికెట్లు లేవన్నది ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూశాడు, అతనే ఎంక్వైరీలో సాక్ష్యం ఇచ్చాడు. ఎక్సైజ్ కేసులో స్టేట్‌మెంట్లు ఇచ్చినవాళ్ళే ఆధారం, వాళ్ళనే దాచారు. కానీ 'డబ్బులు ఇచ్చాం' అన్న ముక్క మాత్రం ప్రయాణికులదే, ఇన్‌స్పెక్టరుది కాదు, ఆ ముక్క మీదే ఉద్యోగం పోయింది. అక్కడ కోర్టు కండక్టరుకు అన్యాయం చేసిందనే నా అభిప్రాయం. దూర ప్రాంతాల ప్రయాణికులను ఎంక్వైరీకి రప్పించడం కష్టమన్న వాదన 1977లో చెల్లింది. ఇప్పుడు ప్రతి ప్రయాణికుడి దగ్గరా ఫోన్ ఉంది, అక్కడికక్కడే నంబరు రాసుకుని, తర్వాత వీడియో కాల్లో సాక్ష్యం తీసుకోవచ్చు. టికెట్ మిషన్ ఏ నిమిషాన ఏ టికెట్ కొట్టిందో చెబుతుంది. అంత సౌకర్యం ఉండి కూడా పాత తీర్పు చూపించి ప్రయాణికుణ్ణి పిలవక్కర్లేదనడం సబబు కాదు.

క్రాస్ ఇవ్వలేదని కోర్టుకు వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మూడు గట్టి సంగతులు తెలియాలి. హైకోర్టు సాక్ష్యాన్ని మళ్ళీ తూకం వేయదు. 1963లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ శ్రీరామారావు కేసు నుంచి ఇది స్థిరపడి ఉంది, ఆ సబ్-ఇన్‌స్పెక్టరుకు హైకోర్టు ఇచ్చిన ఊరటను సుప్రీంకోర్టు తీసేసింది. ఆధారమే లేకపోతేనో, పద్ధతి తప్పితేనో మాత్రమే హైకోర్టు చేయి పెడుతుంది. పద్ధతి తప్పినా, దాని వల్ల మీకు నష్టం జరిగిందని చూపించాలని 1996లో ఎస్.కె. శర్మ కేసు చెప్పింది. కాబట్టి 'నాకు క్రాస్ ఇవ్వలేదు' అన్న వాక్యం ఒక్కటే చాలదు. ఏ సాక్షిని, ఏ సంగతి మీద, ఏ కాగితం పట్టుకుని అడగాలనుకున్నారో, కాదన్న రోజే రాసి ఎంక్వైరీ ఆఫీసరుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ రోజు ప్రొసీడింగ్స్‌లో 'ప్రశ్నలు లేవు' అని రాసి సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టొద్దు, మీరు అడగబోతే ఆపారన్నది సంతకం పక్కనే రాయండి. రిపోర్టు వచ్చాక దాని మీద మీ జవాబులోనూ ఇదే ఎత్తి చూపాలి. ఆ రిపోర్టు కాపీ అడిగే హక్కు హైదరాబాద్ ఈసీఐఎల్ వర్సెస్ కరుణాకర్ కేసులో 1993లో వచ్చిన రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో గట్టిపడింది.

అదే కరుణాకర్ తీర్పు ఇంకోటి కూడా చెప్పింది, ఇది విన్నాక చాలామంది నీరసపడతారు. పద్ధతి లోపంతో శిక్ష రద్దయితే ఉద్యోగి వెంటనే పాత జీతంతో గెలిచినట్టు కాదు, లోపం జరిగిన దశ నుంచి విచారణ మళ్ళీ మొదలవుతుంది, ఆ మధ్యకాలం జీతం సంగతి చివరి ఫలితాన్ని బట్టి తేలుతుంది. అంటే క్రాస్ ఇవ్వలేదని మీరు హైకోర్టులో గెలిస్తే మీకు దక్కేది ఆ క్రాసే. ఈలోపు సాక్షి రిటైరై ఉండొచ్చు, ఊరు మారి ఉండొచ్చు. అందుకే హైకోర్టులో రిట్ పిటిషన్ వేసేటప్పుడే, మళ్ళీ విచారణకు పంపితే ఎన్ని నెలల్లో ముగించాలో గడువు పెట్టమనీ, ఏ సాక్షుల్ని తప్పక పిలవాలో పేర్లతో సహా ఆర్డరులో రాయమనీ, ఇవ్వని కాగితాల కాపీలు మొదటి సిట్టింగుకు ముందే ఇప్పించమనీ అడగండి.